బొమ్మల కొలువులో తిరిగే హెచ్‌ఓ (అసలు బండికి 87వ వంతు సైజు) పొగబండికి పొగ పెట్టడం ఎట్ల?

కొర్లగుంట కుర్రోడు:
అన్నలూ, తిరుపతి నుంచి రాస్తా ఉండా. దసరాకి మా అమ్మ హాల్లో బొమ్మల కొలువు పెడతాది. కింది మెట్టు చుట్టూ పట్టాలేసి రైలు తిప్పడం నా పని. పాత 4-6-2 (ముందు 4, నడుమ 6 పెద్దవి, వెనక 2 చక్రాల) ఇంజినొకటి దొరికితే నల్లరంగు కొట్టి, మన మీటర్‌గేజీ వైపీ రకం ఆవిరి ఇంజిను మాదిరి నంబరు ప్లేటు తగిలించినా. (పట్టాల నడుమ సందు 16.5 మిల్లీమీటర్లు, మీటర్‌గేజీ అయితే 12 ఉండాలని ఎవరూ మొదలుపెట్టొద్దు. తెలుసు.) ప్లాస్టిక్ బాడీ, మామూలు 12 వోల్టుల డీసీ కంట్రోలరు.

పసుపు కుంకుమకి వచ్చినోళ్ళంతా "పొగేది నాయనా?" అనేవాళ్ళే. పోయినేడు ఒక పెద్దావిడ పొగగొట్టంలో వేలు కూడా పెట్టి చూసింది. ఈసారి పొగ రావాలి, బాడీ కరగకూడదు. రెడీమేడ్‌ది కొనాలా, సొంతంగా చేసుకోవచ్చా?

అలిపిరి బ్యాక్‌బెంచి:
అగరుబత్తి ముక్క విరిచి గొట్టంలో గుచ్చు సామీ. రూపాయి ఖర్చు. దేవుడి దగ్గర వాసనా బాగుంటాది.

రేడియో రిపేరు:
వద్దు తమ్ముడూ. నిప్పు తగిలితే ప్లాస్టిక్ గొట్టం నిలవదు, బూడిద పోయి గేర్లలో కూర్చుంటాది. పైగా ఆ బండి తిరిగేది పట్టుచీర కుచ్చిళ్ళ ఎత్తులో. యూట్యూబులో వేప్ (ఈ-సిగరెట్) కాయిల్‌తో చేసి చూపిస్తారు, అదీ మనకొద్దు. ఈ-సిగరెట్లు 2019 నుంచి మన దేశంలో నిషేధం.

కొనేటట్టయితే జర్మనీ సోయ్‌టె వాళ్ళ స్మోక్ జనరేటర్లు చూడు. చిన్న లోహపు డబ్బా, దాని నడుమ చాలా సన్నటి గొట్టం, అందులో వేడెక్కే తీగ. డబ్బాలో పోసే పొగ నూనె కిందనుంచి సన్నగొట్టంలోకి ఎక్కి తీగ దగ్గర మరుగుతాది. ఆ ఆవిరి పైకి తన్నుకొచ్చి గాలి తగలంగానే తుంపరై తెల్లగా కనపడతాది. యాడా ఏదీ కాలదు. అయినా డబ్బా మాత్రం బాగానే కాగుతాది, అది ప్లాస్టిక్‌కి ఆనకుండా చుట్టూ సందు ఉండాలి. చిమ్నీని ఇత్తడి గొట్టంతో చేసుకుంటే ఇంకా మేలు.

నూనె సగానికి మించి పోయొద్దు. ఎక్కువైతే నడిమి గొట్టం మునిగిపోయి పొగ రాదు, బుడబుడమని నూనె చిమ్ముతాది. సిరంజితో కొంచెం లాగేస్తే సరి. నూనె అయిపోయినాక కరెంటు ఇచ్చినావా, తీగ మాడిపోవచ్చు. మాడితే దానికి రిపేరు లేదు, నా షాపుకి తెచ్చినా అదే చెప్తా. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ పోద్దామనుకుంటావేమో, అది చిక్కన, సన్నగొట్టం ఎక్కదు.

ఇదంతా సులువే. అసలు తంటా నీ కంట్రోలరుతో. డీసీలో వేగం తగ్గాలంటే వోల్టేజీ తగ్గాల. వోల్టేజీ సగమైతే తీగ వేడి పావు వంతుకి పడిపోతాది. స్టేషన్లో నిలబడితే సున్నా. అంటే బండి బయల్దేరేటప్పుడు, అందరూ చూసేటప్పుడు పొగుండదు. గిరగిరా తిరిగేటప్పుడేమో చుట్ట తాగే తాత మాదిరి ఒకటే వదులుతా పోతాది.

మా నాయన పాకాల–ధర్మవరం లైన్లో ఫైర్‌మన్. నిజం బండిలో తెల్లగా లేచేది సిలిండర్లలో పని చేసొచ్చిన ఆవిరి. అది చిమ్నీ కింద బ్లాస్ట్ పైపులోంచి తన్నుకొస్తాది, ఆ ఊపుకే ఫైర్‌బాక్సులోకి గాలి గుంజుకుంటాది. నలుపు బొగ్గుది. ఊరికే నల్లపొగ లేపే ఫైర్‌మన్‌ని డ్రైవరు తిట్టేవాడంట, బొగ్గు దండగని. మే నెల ఎండలో ఆ తెలుపు చిమ్నీ దాటంగానే మాయమయ్యేదని, చలికాలం తెల్లవారుజామున మాత్రం బోగీల మీద పరుచుకొని పోయేదని చెప్పేవాడు. నువ్వు పెట్టబోయే పొగ ఆ చలికాలం బండిది.

కొలువు అమ్మ, చిత్తూరు:
బాబూ, రైలు సంగతి నాకు తెలీదు గానీ బొమ్మల సంగతి తెలుసు. నూనె తుంపర అంటున్నారు. తలుపులేసిన హాల్లో తొమ్మిది రోజులు అది బొమ్మల మీద పడితే జిడ్డు పట్టి దుమ్ము అతుక్కుంటుంది. మట్టిబొమ్మ రంగు తడిగుడ్డతో తుడిచేది కాదు. ముందు మీ అమ్మని అడిగావా?

తిరుచానూరు సోల్డరు:
అమ్మ చెప్పింది కరెక్టు. పట్టాల మీద కూడా ఆ జిడ్డే పడుతుంది, చక్రాలకి కరెంటు సరిగా అందదు, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడుస్తూ కూర్చోవాలి. నీళ్ళతో చెయ్. 5 వోల్టుల అల్ట్రాసోనిక్ మిస్ట్ డిస్క్ (అదురుతూ నీళ్ళని తుంపర చేసే బిళ్ళ) బోర్డుతో సహా ఆన్‌లైన్లో దొరుకుతుంది. వేడి ఉండదు, వాసన ఉండదు.

కొర్లగుంట కుర్రోడు:
అమ్మని అడిగినా. "బొమ్మల మీద పడితే రైలూ నువ్వూ బయటికే" అనింది. రేడియో అన్నా, డీసీసీకి (పట్టాల గుండా ఇంజినుకి డిజిటల్ ఆర్డర్లు పంపే పద్ధతి) మారితే? చక్రం తిరిగినట్టే గుప్పు గుప్పుమని పొగొచ్చే ఫ్యాను యూనిట్లు ఉండాయి కదా?

రేడియో రిపేరు:
ఉండాయి. డీసీసీలో పట్టాల వోల్టేజీ ఎప్పుడూ ఒకటే కాబట్టి నిలబడినా పొగొస్తాది. డీకోడర్ (ఇంజిన్లో ఆ ఆర్డర్లు అందుకునే చిన్న బోర్డు) నుంచి పొగ యూనిట్‌కి పోయే ఫంక్షన్ వైరు ఆ కరెంటు తట్టుకుంటాదో లేదో చూసుకో, చిన్నవి తట్టుకోవు, మధ్యలో ట్రాన్సిస్టర్ పెట్టాల.

ఫ్యాను సంగతి లెక్కేసుకో. అసలు ఇంజిన్లో రెండు సిలిండర్లు, ఒక్కోదానికి రెండు వైపులా ఆవిరి. చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు గుప్పులు. వైపీ పెద్దచక్రం 1,372 మిల్లీమీటర్లు, చుట్టుకొలత సుమారు 4.3 మీటర్లు. గంటకు 5 కిలోమీటర్లు పోతే సెకనుకి ఒకటీ పావు గుప్పు, కంటికి ఆనుతాది. 40 దాటితే సెకనుకి పదికి పైనే, కలిసిపోతాయి. అంటే ఆ ఖరీదైన ఫ్యాను పనికొచ్చేది బండి కదిలే మొదటి నాలుగడుగులకే. ఆ నాలుగడుగులు చూసి తీరాల్సినవే, కాదనను. కానీ కొలువుకి అంత ఖర్చు దండగ.

తిరుచానూరు తమ్ముడు చెప్పిన డిస్కు తిరిగే బండికి కుదరదు. నీళ్ళూ, వాటిని పీల్చే వత్తీ, బోర్డూ హెచ్‌ఓ బాయిలర్‌లో ఇరికించడం కష్టం. చల్లటి తుంపర కాబట్టి పైకి లేవకుండా బాడీ మీదికే జారతాది, పట్టాలు తడుస్తాయి. నిలబెట్టిన బండికైతే భేషుగ్గా పనికొస్తాది.

నా మాట వింటే తిరిగే బండి జోలికి పోవద్దు. పాత బాడీ ఇంకోటి తెచ్చి ప్లాట్‌ఫారం పక్కన సైడింగ్‌లో ఆపు. డిస్కు చిమ్నీలో, నీళ్ళ డబ్బా బల్ల కింద, వత్తి బాయిలర్ గుండా పైకి. మొబైల్ ఛార్జరు 5 వోల్టులు చాలు. కింద పళ్ళెం పెట్టు. చూడ్డానికొచ్చినోళ్ళు నొక్కేదానికి ఒక పుష్ బటన్ ఇచ్చేయ్, నొక్కినంత సేపే పొగ.

కొర్లగుంట కుర్రోడు:
ఇది బాగుండాది అన్నా. చిమ్నీ లోపల కొలిస్తే 6 మిల్లీమీటర్లు వచ్చింది. డిస్కు అందులో పట్టదు కదా?

రేడియో రిపేరు:
పట్టదు. బాయిలర్ లోపలే అడ్డంగా పెట్టి పైన గరాటు మాదిరి మూయాల. ఫ్యాను లేకుంటే తుంపర పైకి రాదు, 5 వోల్టుల చిన్నది ఒకటి చూడు. బాడీ ఫోటో లోపలి వైపు నుంచి తీసి పెట్టు.