అమెరికా సరఫరా ఓడ ‘సప్లై’ యుద్ధకాలపు వివరాలు కావాలి

అందరికీ నమస్కారం. 1846లో అమెరికా నౌకాదళం కొనుగోలు చేసిన ‘సప్లై’ అనే తెరచాప ఓడ, అంతర్యుద్ధ కాలంలో చేసిన సేవల గురించి తెలిసినవారు సాయం చేయగలరని మనవి. మెక్సికో యుద్ధంలో సరుకులు మోసిన ఈ ఓడ, 1848లో అమెరికా నౌకాదళ అధికారి లించ్ బృందాన్ని మృతసముద్ర యాత్ర కోసం పాలస్తీనా తీరానికి చేర్చింది. 1856లో నౌకాదళ అధికారి పోర్టర్ నాయకత్వంలో, గాలివానల్లో ఒంటెలను మోకాళ్ల మీద కూర్చోబెట్టి కట్టేస్తూ, వాటిని అమెరికా సైన్యం కోసం టెక్సాస్‌కు తెచ్చింది. ఒంటెల కథ అందరూ రాసిందే కనుక దానిపై నాకు సందేహాలేమీ లేవు.

నాకు కావలసింది ఆ తరువాతి సంగతి. అంతర్యుద్ధంలో తిరుగుబాటు చేసిన దక్షిణాది రాష్ట్రాల రేవులను దిగ్బంధించిన యుద్ధనౌకలకు సామగ్రి చేరవేసే ఈ ఓడే, 1862 జనవరి 29న ఫ్లోరిడా సమీపంలో, ఆయుధాలతో వెళ్తున్న బ్రిటిష్ జెండా స్కూనర్ (ఒక రకం తెరచాప ఓడ) ‘స్టీఫెన్ హార్ట్’ను పట్టుకుంది. ఆవిరి యంత్రం లేని సరుకుల ఓడ ఆ స్కూనర్‌ను ఎలా అందుకోగలిగింది? వేగం, దిశ, గాలి గంటగంటకూ నమోదయ్యే లాగ్‌బుక్‌లో ఆ రోజు పుటను చూసినవారు ఎవరైనా ఉన్నారా? పట్టుబడిన సరుకు సొమ్ములో నావికులకు దక్కిన వాటాను ఏ దస్త్రాల్లో వెతకాలో కూడా దయచేసి తెలుపగలరు.