‘నిశ్శబ్ద తుపాకి’ అనొచ్చా?

అనువాదాలు చేసేవాళ్లు కాస్త సాయం పట్టండి. రెండో ప్రపంచ యుద్ధం నాటి గూఢచారుల ఆయుధాల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ, అమెరికా యుద్ధకాలపు గూఢచార సంస్థ ఓఎస్ఎస్ వాళ్లు వాడిన హైస్టాండర్డ్ కంపెనీ పాయింట్ టూటూ (తూటా లావు 0.22 అంగుళాల రకం) పిస్టల్ దగ్గర ఆగిపోయాను. 1960 మే 1న సోవియట్ గడ్డ మీద అమెరికా గూఢచారి విమానం యూ-2 కూలినప్పుడు పైలట్ గ్యారీ పవర్స్ దగ్గరున్నదీ ఇలాంటిదే. ‘సైలెన్సర్ బిగించిన నిశ్శబ్ద పిస్టల్’ అని రాసేశాను. మళ్లీ చదివితే రెండు మాటలూ తప్పే అనిపించాయి.

‘బిగించిన’ ఎందుకు కుదరదంటే, ఇందులో విడిగా తెచ్చి మూతికి తిప్పేదేమీ లేదు. తుపాకి గొట్టానికే బెజ్జాలుంటాయి, దాని మీద ఇంకో లావుపాటి గొట్టం తొడిగి ఉంటుంది. తూటా ఇంకా లోపలుండగానే దాన్ని తోసే వాయువు కొంత బెజ్జాల్లోంచి జారిపోతుంది. తోపుడు తగ్గి వేగం పడిపోతుంది. ‘అంతర్నిర్మిత’ అంటే అర్థం వస్తుంది కానీ టెండరు నోటీసు చదువుతున్నట్టుంది.

ఇక నిశ్శబ్దం సంగతి. తుపాకిలో మూడు చప్పుళ్లున్నాయి. మూతి దగ్గర వాయువు ఒక్కసారిగా బయటపడే మోత ఒకటి. తూటా ధ్వని వేగాన్ని, అంటే సెకనుకు సుమారు 340 మీటర్లను, దాటితే దారిపొడవునా వినిపించే ఛెళ్లు ఇంకొకటి. లోపలి ఇనుము కదిలే టకటక మూడోది. మూతికి ఎంత మంచి గొట్టం తగిలించినా మోత తగ్గుతుందే తప్ప ఛెళ్లు పోదు. అది తూటా వెంట పోయే చప్పుడాయె! పాయింట్ టూటూలో జోరు రకం తూటా రైఫిల్లోంచి 370, 380 మీటర్ల వేగంతో వస్తుంది. బెజ్జాల గొట్టం దాన్ని 340కి దిగువకు లాగేస్తుంది, ఛెళ్లు ఉండదు. అందుకే ఈ తిప్పలన్నీ. ముందే నెమ్మదిగా పోయే తూటా ఇందులో వేశారో, మరీ నీరసపడి గురికి కిందుగా తగులుతుంది.

ఇంతా చేసి తగ్గేది ఓ పాతిక, ముప్ఫై డెసిబెళ్లు. 140 ఉన్నది 115 అయితే దాన్ని నిశ్శబ్దం అనడానికి నాకు నోరు రావట్లేదు.

వ్యాఖ్య: సైలెన్సర్ అనే ఉంచండి మాస్టారూ, అందరికీ తెలిసిన మాట.

నా జవాబు: తెలిసిందనేగా బాధ! మా వీధిలో ‘బుల్లెట్ సైలెన్సర్’ ఎక్కడ దొరుకుతుందంటే మెకానిక్ షెడ్డు చూపిస్తారు. చుట్టరికం మాత్రం నిజమే. హైరం పెర్సీ మాక్సిం 1909లో తుపాకి సైలెన్సరుకు పేటెంటు తీసుకుని, తర్వాత అదే సూత్రం ఇంజన్ల పొగగొట్టాలకూ పెట్టాడు. మాక్సిం మరతుపాకి చేసినాయన వీళ్ల నాన్నే. తన తుపాకుల మోతకి ఆయన చెవులు దెబ్బతిన్నాయి.

వ్యాఖ్య: ఛెళ్లు అనేది కొరడాకు కదండీ? తూటాకు నప్పుతుందా?

నా జవాబు: నప్పుతుందండీ. కొరడా కొస ధ్వని వేగాన్ని దాటినప్పుడే ఆ చప్పుడు పుడుతుంది. రెండూ ఒక్కటేనని మన చెవి ముందే పట్టేసింది.

వ్యాఖ్య: సబ్‌సానిక్‌ని ఏమన్నారు? ‘ఉపధ్వని’ వద్దు, దాని జంటగా ‘అతిధ్వని’ వస్తుంది. పాఠ్యపుస్తకాల్లో అతిధ్వనులంటే మనకు వినపడనివి. గబ్బిలాలు గుర్తొస్తాయి.

నా జవాబు: ‘ధ్వనికన్నా నెమ్మది’ అని విడదీసి రాశాను.

వ్యాఖ్య: ఈ పాయింట్ టూటూ తూటాలది రిమ్‌ఫైర్ రకం కదా, దానికి నాదో మాట, ‘అంచుపేలుడు’. ఎన్‌సీసీలో పాయింట్ టూటూ కాల్చాక ఖాళీ కేసులు ఏరి లెక్క అప్పజెప్పేవాళ్లం. అడుగున మధ్యలో ఏమీ ఉండదు, అంచున చిన్న నొక్కు ఉంటుంది. పిన్ను కొట్టేది అక్కడే, పేలే మందు పూత ఉండేదీ ఆ అంచులోనే.

నా జవాబు: తీసుకున్నాను సార్. ఇప్పటికి వాక్యం ఇలా ఉంది: ‘మోతను తన గొట్టంలోనే మింగేసే అంచుపేలుడు పిస్టల్’.

వ్యాఖ్య: మింగేస్తే ఆ 115 ఎక్కణ్ణుంచి వచ్చింది? ‘నొక్కేసే’ అనండి.

నా జవాబు: దిద్దేశాను.