కట్ట మీది పలకకు ఏ పేరు: కంభం సరస్సా, కంభం చెరువా?

నల్లమల నీడ:
బయటి ఊళ్లలో స్థిరపడిన కంభం వాళ్లం కొందరం కలిసి, కట్ట దగ్గర ఒక రాతిపలక పెట్టించాలని అనుకుంటున్నాము. దాని మీద ‘కంభం సరస్సు’ అని ఉండాలన్నది నా అభిప్రాయం. రెండు కొండల నడుమ అంత నీరు నిలిచి, వెనుక నల్లమల కనిపించే చోటును ఊరిచివరి కుంటతో జతకట్టి చెరువు అనడం తగదు. అభ్యంతరాలుంటే తెలియజేయగలరు.

చివరి మడి:
అభ్యంతరం ఉంది. సరస్సు తనంతట తాను ఏర్పడుతుంది, చెరువును మనిషి కడతాడు. గుండ్లకమ్మ, జంపలేరు నీళ్లు దిగివచ్చే కనుమకు అడ్డంగా 57 అడుగుల ఎత్తు కట్ట వేసి, తూములు అమర్చి, కింద పదివేల ఎకరాలకు పైగా తడిపిన కట్టడం ఇది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించినప్పుడు కూడా చూసింది నీటిపారుదలనే గాని అందాన్ని కాదు.

ఒంగోలు గిత్త:
ఆసియాలో రెండవ పెద్ద మానవ నిర్మిత సరస్సు అని కూడా రాయించండి.

కైఫియత్తుల పిచ్చి:
ఏ కొలత ప్రకారం రెండవది? విస్తీర్ణమా, నిల్వా? తేల్చకుండా రాతిమీద చెక్కిస్తే తుడపడం కష్టం. దీన్ని కృష్ణదేవరాయల దేవేరి వరదరాజమ్మ కట్టించిందని ఊళ్లో చెప్పుకునే మాటను కూడా చెక్కిస్తే, దాని ముందు ‘ప్రతీతి’ అని చేర్చండి. తిరుమలలో రాయల పక్కన నిలబడిన విగ్రహాలు తిరుమలదేవి, చిన్నాదేవులవి, వరదరాజమ్మది కాదు. అయినా ఆ ప్రతీతిని నేను తీసివేయమనను, ఊరు దాన్ని ఇంతకాలం మోసింది.

పేరు విషయంలో చివరి మడి గారితో ఏకీభవిస్తాను. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటి ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను అది వరుసగా చెబుతుంది. తీపినీటి ఏరు రావాలి, కొండలు ఆనుకొని ఉండాలి, వాటి మధ్య మరీ పొడవు కాని గట్టి రాతికట్ట ఉండాలి అన్నవి వాటిలో కొన్ని. ఇవి చదివి మన కట్ట మీద నిలబడితే, ఎవరో ఈ చోటును చూసే ఆ శ్లోకాలు రాశారేమో అనిపిస్తుంది. అక్కడివారికి చెరువు అనే మాట చిన్నదిగా తోచలేదు.

నల్లమల నీడ:
శాసనాలు సరే. ‘చెరువు’ అని రాసిన పలక చూడటానికి హైదరాబాదు నుంచి ఎవరు వస్తారు?

చివరి మడి:
రావద్దు. మీరు రప్పించదలచిన వారికి పడవలు కావాలి, పడవలకు వేసవిలోనూ నీరు కావాలి, ఆ నీరు నిలవాలంటే తూము మూయాలి. మాది ఆయకట్టు చివర మూడెకరాల వరి. ఒక సంవత్సరం పైరు పాలు పోసుకునే దశలో ఉండగా, నీటిమట్టం కాపాడాలని ఒక అధికారి తూము దింపించారు. మా నాన్న రెండు రాత్రులు కాలువ గట్టునే పడుకున్నారు. నీరు రాలేదు, కంకులన్నీ తాలుపోయాయి, చివరకు పశువులను తోలి మేపించారు. నాకు సరస్సు అన్న మాట వినగానే ఆ పొలం గుర్తొస్తుంది. మీరు బెంగుళూరులో కుళాయి తిప్పుకుంటూ మా నీటికి పేరు మారుస్తామంటే ఊరుకోలేను.

గిద్దలూరు బండి:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

నల్లమల నీడ:
నెమ్మదిగానే చెబుతాను. నేను పడవల సంగతి ఎక్కడా ఎత్తలేదు. మా అమ్మ ఇప్పటికీ కంభంలోనే, బోరు ఎండిన వీధిలో ఉంటుంది. ఏప్రిల్ వచ్చిందంటే ట్యాంకరు కోసం బిందెల వరుస, బిందె లేనివారు వరుసలో తమ చోటు పోకుండా పెట్టే చెప్పుల జత, డెబ్బై ఏళ్ల మనిషి ఎండలో ఆ చెప్పులకు కాపలా. చెరువు అనగానే అది ఆయకట్టుదారులది, కట్టకు ఆనుకొని ఉన్న ఊరు మాత్రం అడగడానికి హక్కు లేనిది. సరస్సు అంటే అందరిదీ అవుతుందని నాకొక ఆశ. తూమును ఇంకొంత ముందుగా దింపి ఆ నీటిని నిలిపితే మా వీధి బావుల్లో ఊట నిలుస్తుంది. నా వాదమంతా ఇదే.

చివరి మడి:
ఈ మాట మొదటే అని ఉంటే ఇంత రాసేవాణ్ణి కాదు. ఊరికి తాగునీరు వద్దని నేనెన్నడూ అనను. అయితే ఆ బాకీ మా మడుల నుంచే ఎందుకు వసూలు చేయాలి? మీ వీధికి నీరు తేవలసింది పైపులు. వెలిగొండ సొరంగాల ద్వారా శ్రీశైలం నీరు తెచ్చి ఈ పడమటి ప్రాంతానికి ఇస్తామని ఎన్నేళ్లుగా వింటున్నాం? ఆ నీటిని అడగండి, వెంట నేనూ వస్తాను.

కైఫియత్తుల పిచ్చి:
వెలిగొండ నీరు వచ్చేదాకా ఆ పెద్దావిడ చెప్పులకు కాపలా కాస్తూనే ఉండాలా? చివరి మడి గారూ, దీనికి మీరు సమాధానం చెప్పలేదు.

చివరి మడి:
నిజమే, చెప్పలేదు. పైరు కోసిన తరువాత తూము దింపి మిగిలినది ఊరికి ఉంచమంటే ఒప్పుకుంటాను. కోతకు ముందు మాత్రం ఒక్క రోజు కూడా ఒప్పుకోను.

నల్లమల నీడ:
కోతల తరువాత మిగిలేది బురదే కదా. అయినా పలక మీద ‘కంభం చెరువు’ అనే రాయిద్దాం, ఆ మాట వదులుకుంటున్నాను. వచ్చే నెల ఊరికి వచ్చినప్పుడు తూము సంగతి మాత్రం ఆయకట్టు రైతుల సమావేశంలోనే అడుగుతాను.

చివరి మడి:
అడగండి. నేను ముందు వరుసలోనే కూర్చుంటాను, ఒప్పుకోవడానికి కాదు.