ఊరి రేషన్ కార్డుతో బెంగళూరులో బియ్యం తెచ్చుకున్నవారు ఉన్నారా?

కదిరి కోడలు:
మారతహళ్ళిలో రేకుల గదిలో ఉంటున్నాం. అద్దె 4,500. అడ్వాన్సు 30,000 వడ్డీకి తెచ్చి కట్టాం. మా ఆయనది సెంట్రింగ్ పని, నేను రెండిళ్ళలో గిన్నెలు తోముతాను. బియ్యం కోసం నెలనెలా ఒకరు ఊరికి వెళ్ళి వస్తే రెండు రోజుల కూలి పోతోంది, బస్సు ఛార్జీలు అదనం. ఇక్కడే ఇస్తారంటున్నారు, నిజమేనా?

హోసకోటె మేస్త్రి:
నిజమేనమ్మా. దేశంలో ఎక్కడైనా తీసుకోవచ్చు. తలకు 5 కిలోలు, 2023 జనవరి నుంచి ఉచితం. ఇంట్లో కొందరు ఊళ్ళో, కొందరు ఇక్కడ పంచుకొని కూడా తీసుకోవచ్చు. మా డిపోలో మొదట "ఆంధ్రా కార్డు చెల్లదు" అన్నారు. డీలరు ఎదుటే రేషన్ హెల్ప్‌లైన్ 14445కు ఫోన్ చేశాను, అప్పుడు వేలిముద్ర మిషన్ బయటికి వచ్చింది. ఒక్క మాట: కేంద్రం జాబితాలో ఉన్న కార్డయితేనే కుదురుతుంది. రాష్ట్రం సొంత ఖర్చుతో ఇచ్చిన కార్డుకు ఇక్కడ గింజ రాదు. ముందు మీ ఊరి సచివాలయంలో కనుక్కోండి.

పాలమూరు అన్న:
నాకు కార్డుతో కాదు, వేలితో వచ్చింది తంటా. సిమెంటు పనికి గీతలు అరిగిపోయాయి. నాలుగుసార్లు పెట్టినా పడలేదు, వెనుక వరుసంతా విసుక్కుంది. మర్నాడు రాత్రి కొబ్బరినూనె రాసుకొని పడుకొని, పొద్దున్నే పనికంటే ముందు వెళ్ళాను. ఉంగరపు వేలు పెడితే పడింది. బొటనవేలే పెట్టాలని ఎవరన్నారు?

కదిరి కోడలు:
బస్సులో కూడా ఇదే గొడవ. పక్కామెకు ఉచితం, నాకు టికెట్ కొట్టాడు కండక్టరు.

హోసకోటె మేస్త్రి:
ఆడవాళ్ళకు ఉచిత బస్సు, అదే శక్తి పథకం, 2023 జూన్ 11 నుంచి ఉంది కానీ, కర్ణాటక చిరునామా చూపాలి. ఇంటి ఇల్లాలికి నెలనెలా ఇచ్చే గృహలక్ష్మి 2,000 కూడా ఇక్కడి రేషన్ కార్డు ఉన్న ఇంటికే.

చెన్నై చెల్లెలు:
మా దగ్గర సాధారణ బస్సుల్లో ఏ కార్డూ అడగరు. ఆడవాళ్ళయితే చాలు.

పాలమూరు అన్న:
ఆధార్‌లో చిరునామా మార్చుకుందామంటే ఇంటి ఓనరు అద్దె పత్రం రాయనంటాడు. అద్దె మాత్రం ఐదో తేదీ దాటనివ్వడు.

కదిరి కోడలు:
సచివాలయంలో అడిగాం, మాది కేంద్రం జాబితాలోనే ఉంది. ఈ రోజు డిపోకు వెళ్ళాను. గిన్నెలు తోమిన చేతులే అయినా మొదటిసారికే వేలు పడింది. ముగ్గురికీ 15 కిలోలు. దుకాణదారు కన్నడంలో ఏదో గొణిగాడు. అర్థం కానట్టే సంచి పట్టాను.