‘హిబానా’ చూస్తుంటే నవ్వు రాకపోవడం నా లోపమా?

ప్రశ్న:
2016లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన పది భాగాల జపనీస్ ధారావాహిక ‘హిబానా’ను ఇంగ్లిషు సబ్‌టైటిళ్లతో చూస్తూ మూడో భాగం దగ్గర ఆపేశాను. తొకునాగా, కామియా అనే హాస్యగాళ్లు వేదికపై ఎంత మాట్లాడినా నాకు ఒక్కసారి కూడా నవ్వు రాలేదు. లోపం అనువాదానిదా, ఆ హాస్యానిదా, నాదా? ముగింపు బయటపెట్టకుండా చెప్పగలరు.

జవాబు 1:
అనువాదంలో పోయేది చాలానే ఉందండి. వాళ్లు చేసేది మాన్‌జాయ్, అంటే ఇద్దరు జంటగా వేదికపై మాటలతో నడిపే జపనీస్ హాస్యం. అందులో బోకె తలాతోకా లేని మాట ఒకటి విసురుతాడు, త్సుక్కోమి వెంటనే అతన్ని గద్దిస్తాడు, నవ్వు పుట్టేది ఆ రెండింటి నడుమ రెప్పపాటులో. సబ్‌టైటిల్ ఆ రెండు మాటలనూ ఒకేసారి తెరమీద పెట్టేస్తే ఇక పేలేదేముంది? ఒసాకా వైపు యాస సంగతి సరేసరి. అన్నట్టు, ఆ ఇద్దరూ ఒక జంట కారు. ఇద్దరూ బోకెలే; తొకునాగాది ‘స్పార్క్స్’, కామియాది ‘అహొందరా’.

జవాబు 2:
పై మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. మొదట్లో అతామీ అనే ఊళ్లో బాణసంచా చూడటానికి పోయే జనం దారి పక్కన స్పార్క్స్ చెప్పేది వినిపించుకోరు. ఆ తర్వాత వచ్చిన కామియా, దారినపోయే ఒక్కొక్కరినీ వేలెత్తి చూపుతూ నరకానికి పోతారని అరుస్తాడు. అక్కడ జపాన్ వాళ్లే నవ్వలేదు, ఇక మనమెంత! ఆ అరుపులోనే తొకునాగాకు గురువు దొరికాడు, తన జీవితచరిత్ర రాయాలన్నదే ఆ గురువు పెట్టిన షరతు. మూలనవల రాసిన మతాయోషి నావోకి స్వయంగా హాస్యగాడు, దానికి 2015లో జపాన్ సాహిత్య పురస్కారమైన అకుతగావా వచ్చింది. అందుకే కాబోలు, కలిసి తాగినప్పుడు డబ్బు సీనియరే చెల్లించాలన్న ఆచారం కథలో అంత బరువుగా కనిపిస్తుంది: చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా, అప్పు చేసైనా కామియాయే చెల్లిస్తాడు. నేను ఈ ధారావాహికను చూసింది నవ్వుకోవడానికి కాదు, ఆ బిల్లు కోసం.

జవాబు 3:
స్పార్క్స్ ప్రదర్శన ఒకటి మున్ముందు వస్తుంది. అది యాస మీద గానీ వేగం మీద గానీ ఆధారపడదు, మనసులో ఉన్నదానికి సరిగ్గా వ్యతిరేకంగా మాట్లాడటమే అందులో ఆట. సబ్‌టైటిళ్లలోనూ అది పూర్తిగా అందింది. అంతకుమించి చెబితే మీరు కోప్పడతారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరూ ఒకే జంట అనుకుంటూ మూడు భాగాలు చూశానన్నమాట! మళ్లీ అతామీ నుంచే మొదలుపెడతాను.