ముంపు ప్రాంతపు సహాయ కార్యాలయంలో ఖాతాల మనిషి ఉండాలా, హైదరాబాద్ నుంచే నడపవచ్చా?

గోదావరి ఖాతాలు (చర్చ ప్రారంభించినవారు):

వరద వచ్చినప్పుడు భద్రాచలంలో మేము తెరిచే తాత్కాలిక కార్యాలయంలో ఆర్థిక, పరిపాలన అధికారి ఉద్యోగాన్ని తీసివేయాలని మా సంస్థ కార్యవర్గం ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. బిల్లులను ఫోనులో ఫోటో తీసి పంపితే హైదరాబాద్‌లోని అకౌంటెంట్లే పద్దులు రాసుకుంటారని, దానివల్ల పరిపాలన ఖర్చు తగ్గుతుందని వారి వాదన. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం, అంతకుముందు విరాళంలో సగం వరకు ఉన్న పరిపాలన ఖర్చు పరిమితి 20 శాతానికి తగ్గింది కాబట్టి ఈ ఆలోచన ఎందుకు వచ్చిందో నాకు అర్థమవుతోంది. అయినా నేను దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. ఈ పనిలో ఉన్నవారి అభిప్రాయాలు తెలుసుకోవాలని ఇక్కడ రాస్తున్నాను.

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగుల దగ్గరే ఇస్తారు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత అంత నీరు చూడటం అదే మొదటిసారి. ఆ వరదలో ఒక సహాయ సంస్థ తరఫున కూనవరం, వరరామచంద్రపురం మండలాల పనికి ఏడు వారాలు ఖాతాలు చూశాను. నా వాదనకు ఆధారం అక్కడ కళ్లారా చూసిన రెండు సంగతులు.

ఒకటి బరకాల (టార్పాలిన్ల) సంగతి. లారీ వచ్చిన రాత్రి, కట్టకు 25 చొప్పున ఉన్నాయని డెలివరీ చలానాలో రాసి ఉంది. సంతకం చేసే ముందు రెండు కట్టలు విప్పించి లెక్కపెడితే ఒక దాంట్లో 23, మరొక దాంట్లో 22 ఉన్నాయి. హమాలీలను ఆపి, అన్ని కట్టలూ విప్పించి, తక్కువైన సంఖ్యను చలానా మూడు ప్రతుల మీదా రాసి, డ్రైవరుతో సంతకం చేయించిన తరువాతే దింపించాను. సరఫరాదారు ఆ మేరకు బిల్లు తగ్గించాడు. ఫోనులో వచ్చిన ఫోటోలో చలానా కనిపిస్తుందే కానీ కట్టలో ఎన్ని ఉన్నాయో కనిపించదు. ఆ లోటు హైదరాబాద్ పుస్తకాల్లో ఎప్పటికీ తెలిసేది కాదు, చివరి ఊళ్లో చేతులు చాచి నిలబడినవాళ్లకు మాత్రమే తెలిసేది.

రెండోది పడవల సంగతి. నాటు పడవ నడిపేవారి దగ్గర అచ్చు బిల్లు ఉండదు. ఏ రేవు నుంచి ఏ ఊరికి, ఎన్ని తిరుగుళ్లు, డీజిలు ఎవరిది అన్నది మనమే వోచరు మీద రాసి, పడవవాడి సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. మొత్తం 5,000 రూపాయలు దాటితే రెవెన్యూ స్టాంపు అతికించాలి. ఆదాయపు పన్ను నిబంధన ప్రకారం ఒక మనిషికి ఒక రోజులో 10,000 రూపాయలకు మించి నగదు ఇస్తే ఆ ఖర్చు పన్ను మినహాయింపు లెక్కలో ట్రస్టుకు చెల్లదు. ఒక పడవ యజమానికి మూడు రోజుల బాకీ అంతకంటే ఎక్కువే అయింది, ఊళ్లో సిగ్నలు లేదు, ఆయన తన బావమరిది ఖాతాలో వేయమన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం పరిమితి మేరకు నగదు ఇచ్చి, మిగతాది నాలుగు రోజుల తరువాత ఆయన సొంత పాసుపుస్తకం చూసి బ్యాంకు ద్వారా పంపాను. ఆ మాట చెప్పడానికి రేవులో ఎదురుగా నిలబడిన మనిషి కావాలి. ఫోనులో చెబితే ఆ పడవ మరుసటి రోజు వచ్చేది కాదు.

కార్యక్రమాల బల్ల, హైదరాబాద్:

గోదావరి ఖాతాలు గారూ, మీ అనుభవాన్ని గౌరవిస్తూనే మీ ముగింపుతో విభేదిస్తున్నాను. మీరు చెప్పిన రెండు సంగతులూ మీ నిజాయితీకి సాక్ష్యాలు. కానీ ఒక వ్యవస్థను మంచి మనిషి దొరుకుతాడన్న నమ్మకం మీద కట్టలేము కదా. చిన్న క్షేత్ర కార్యాలయంలో ఆ ఒక్క మనిషే ధరలు అడుగుతాడు, సరుకు దించుకుంటాడు, నగదు పెట్టె తాళం పెట్టుకుంటాడు, వోచరు రాస్తాడు, చిట్టా రాస్తాడు, గది అద్దె కూడా ఆయనే మాట్లాడతాడు. కొనే చేయి, పుచ్చుకునే చేయి, డబ్బు ఇచ్చే చేయి వేరుగా ఉండాలన్నది ఖాతాల పనిలో మొదటి పాఠం. బిల్లు హైదరాబాద్‌కు వస్తే ఆ విభజన దానంతట అదే జరుగుతుంది. మీరు మెచ్చుకుంటున్న ఏర్పాటులో అది లేదు.

ఖర్చు విషయంలో కూడా కొంత కఠినంగా ఉండక తప్పదు. ఉదాహరణకు ఒక వరద సాయానికి 60 లక్షల విదేశీ విరాళం వచ్చిందనుకుంటే పరిపాలనకు మిగిలేది 12 లక్షలు. నెలకు 35,000 చొప్పున ఆరు నెలలకు ఖాతాల అధికారి జీతమే 2,10,000 అవుతుంది. దానికి వసతి, ప్రయాణం, కార్యాలయపు అద్దె, వాహనాల నిర్వహణ, నివేదికల ఖర్చు కలిపితే పరిమితి ఎంత త్వరగా నిండిపోతుందో మీకే తెలుసు. కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధులైతే పరిపాలనకు మనకు 5 శాతమే కదా.

ఆడిటు సాధన, విజయవాడ:

ముందుగా ఒక సవరణ. ఆ 5 శాతం పరిమితి కంపెనీ తన సామాజిక బాధ్యత విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టుకునే సాధారణ పరిపాలన ఖర్చుకు వర్తిస్తుంది. ఒక ప్రాజెక్టు రూపకల్పనకు, అమలుకు, పర్యవేక్షణకు నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదని 2021 సవరణ తరువాతి నిబంధనలే చెబుతున్నాయి. క్షేత్ర సంస్థలు తమకూ 5 శాతమే అనుకుని భయపడి, బడ్జెట్‌లో స్టోరు కీపరు జీతం కూడా అడగకుండా ఊరుకోవడం నేను చాలాసార్లు చూశాను.

విదేశీ విరాళాల విషయంలో మాత్రం కార్యక్రమాల బల్ల గారి లెక్క సరైనదే. ఖాతాల నిర్వహణ, వాహనాల నిర్వహణ, అద్దె, నివేదికలు రాయడం, దాఖలు చేయడం ఇవన్నీ 2011 నిబంధనల్లో పరిపాలన ఖర్చుల జాబితాలోనే ఉన్నాయి. సంక్షేమ సంస్థ ఆశయాలకు నేరుగా అయ్యే ఖర్చు, అంటే ఆసుపత్రిలో డాక్టరు జీతం, బడిలో టీచరు జీతం వంటివి, ఆ జాబితాలో లేవు. పంపిణీ చూసే మనిషి జీతాన్ని ఈ కోవలోకి తేవచ్చునని వాదించవచ్చు, ఖాతాల అధికారి జీతాన్ని తేలేము. కొన్ని సంస్థలు అదే మనిషికి పంపిణీ సమన్వయకర్త అని పేరు మార్చి కాగితాల మీద తప్పించుకోవాలని చూస్తున్నాయి. దయచేసి ఆ పని చేయకండి. అది తప్పుడు లెక్క. పరిమితి దాటక తప్పని పరిస్థితి వస్తే కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి అడిగే దారి చట్టంలోనే ఉంది.

ఈ చర్చలో ఎవరూ ఎత్తని మాట ఇంకొకటి ఉంది. అదే 2020 సవరణ, విదేశీ విరాళాన్ని ఒక సంస్థ మరొక సంస్థకు బదిలీ చేయడాన్ని పూర్తిగా నిషేధించింది. అంతకుముందు హైదరాబాద్ సంస్థ చింతూరులోని చిన్న సంస్థకు డబ్బు పంపితే, పడవవాళ్లను పేరుపేరునా ఎరిగిన ఆ సంస్థే ఖర్చుపెట్టి లెక్క చెప్పేది. ఇప్పుడు పెద్ద సంస్థే స్వయంగా వచ్చి గది అద్దెకు తీసుకుని, మనుషులను పెట్టుకోవాలి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ సవరణలను సమర్థించింది కాబట్టి ఇప్పట్లో ఇది మారుతుందని నేను అనుకోను. అటు క్షేత్ర కార్యాలయాల అవసరాన్ని పెంచి, ఇటు వాటిని నడిపే ఖర్చు పరిమితిని తగ్గించిన చట్టం ఇది. ఈ ఒత్తిడి నిజమైనదే. అయితే దాన్ని తట్టుకోవడానికి అన్నింటికంటే ముందుగా ఖాతాల మనిషినే తీసివేయాలా అన్నది నా ప్రశ్న.

శబరి ఒడ్డు:

నేను ఖాతాల మనిషిని కాను. మాది శబరి గోదావరిలో కలిసే చోటికి దగ్గరలో ఉన్న ఊరు, 2022లో పంపిణీ జాబితా రాయడంలో పనిచేశాను. జాబితా రేషను కార్డు ప్రకారం రాయమని పైనుంచి చెప్పారు. మా ఊళ్లో ఒకే కార్డు మీద మూడు కుటుంబాలు ఉంటాయి. కొడుక్కి పెళ్లయి వేరే పొయ్యి పెట్టుకున్నా కార్డు విడిపోయి ఉండదు. మొదటి రోజు పంపిణీలో మూడు పొయ్యిలకు ఒక బియ్యం సంచి, ఒక బరకం, ఒక బకెట్టు వచ్చాయి. ఆ రాత్రి ముగ్గురన్నదమ్ములు ఆ ఒక్క బరకం కింద పిల్లలను పడుకోబెట్టి తాము కూర్చున్నారు.

అప్పుడు మాకు సాయం చేసిన సంస్థ ఖాతాలు చూసే ఆమె భద్రాచలంలోనే ఉండేవారు. మూడో రోజు పడవలో వచ్చి, ఇంటింటికీ తిరిగి, పొయ్యిలు లెక్కపెట్టి, ఊరి పెద్దల సంతకాలతో కొత్త జాబితా రాయించారు. ఒక్కో పేరు ఎందుకు చేర్చారో పక్కనే రెండు ముక్కలు రాశారు. జాబితా మార్చే అధికారం ఆమెకు ఉంది, ఆమె అక్కడ ఉన్నారు. మీరు పరిపాలన ఖర్చు అంటున్నది మా వరకు ఆ మనిషి పడవ ఎక్కి రావడమే.

కార్యక్రమాల బల్ల, హైదరాబాద్:

5 శాతం విషయంలో నా తప్పును సరిదిద్దినందుకు ఆడిటు సాధన గారికి కృతజ్ఞతలు. శబరి ఒడ్డు గారు చెప్పిన దానికి నా దగ్గర జవాబు లేదు. కార్డు ప్రకారం రాయమన్న ఆదేశాలు మాలాంటి ప్రధాన కార్యాలయపు బల్లల నుంచే వెళతాయి. లెక్క తేలికగా సరిపోతుందనే అలా రాస్తాము. ఖాతాల మనిషి అక్కడ ఉండాలని ఒప్పుకుంటున్నాను. అయితే నా మొదటి అభ్యంతరం అలాగే ఉంది: డబ్బు, సరుకు, పుస్తకం మూడూ ఒక్కరి చేతిలో పెట్టడానికి నేను సంతకం చేయను. 20 శాతం ముడి కూడా విడిపోలేదు. ఈ రెండింటికీ మీ దగ్గర ఏర్పాటు ఏదైనా ఉందా?

గోదావరి ఖాతాలు:

ఉంది. మీ అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు, ఎందుకంటే ఆ ఏడు వారాల్లో మొదటి పది రోజులు మూడూ నా చేతిలోనే ఉన్నాయి, ఆ పది రోజులూ నాకు నిద్ర పట్టలేదు. ఆ తరువాత మార్చుకున్నాము. సరుకు, స్టాకు రిజిస్టరు స్టోరు కీపరు దగ్గర ఉండేవి, ఆయన నగదు ముట్టుకునేవాడు కాదు. నగదు నా దగ్గర ఉండేది, నేను ఏ దుకాణంతోనూ ధర మాట్లాడేదాన్ని కాదు. కొనుగోలును ముగ్గురు చూసేవారు, వారిలో ఒకరు ఊరి మనిషి. ప్రతి సాయంత్రం పెట్టెలోని నోట్లను విలువల వారీగా లెక్కపెట్టి ఇద్దరం సంతకం చేసి, ఆ కాగితాన్ని హైదరాబాద్‌కు పంపేవాళ్లం. బ్యాంకు ఖాతాను పుస్తకంతో సరిచూడటం మాత్రం హైదరాబాద్ పనే, అది అక్కడే ఉండాలి.

కొనే ముందు మూడు దుకాణాల నుంచి ధరల కాగితాలు తీసుకోవాలన్న మూడు కొటేషన్ల పద్ధతి గురించి కూడా ఒక మాట చెప్పాలి. నీళ్లు వచ్చాక భద్రాచలంలో మూడు కొటేషన్లు తెమ్మంటే ఒకే దుకాణం వాడు మిగతా ఇద్దరి కాగితాలూ తెచ్చి ఇస్తాడు. మే నెలలోనే వెళ్లి బియ్యానికి, కందిపప్పుకు, బరకాలకు, బకెట్లకు, పడవ అద్దెకు ధరలు మాట్లాడి, అక్టోబరు దాకా చెల్లే ఒప్పందం రాయించుకోవాలి. అప్పుడు మూడు కొటేషన్లకూ నిజంగా అర్థం ఉంటుంది. ఇంకో విషయం అప్పుడే తేల్చుకోవాలి: భద్రాచలం తెలంగాణలో, కూనవరం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి కాబట్టి అక్కడ కొని ఇక్కడికి తెచ్చే సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) కావాలి, దాన్ని తీసేది దుకాణదారే అని ఒప్పందంలో రాయించాలి. కాగితం లేక లారీ ఒక పూట ఆగితే ఊళ్లో వంట ఒక పూట ఆగుతుంది.

20 శాతం విషయంలో నా ప్రతిపాదన ఇది. ఆ పరిమితి విదేశీ విరాళానికే వర్తిస్తుంది. ఖాతాల అధికారి జీతాన్ని, వసతిని దేశీయ విరాళాల నుంచి పెడదాం. ఎందుకు అడుగుతున్నామో చెప్పి, ఆ పేరుతోనే అడుగుదాం. శబరి ఒడ్డు గారు రాసింది వారి అనుమతితో దాతలకు చూపిస్తే ఇచ్చేవారు ఉంటారని నా నమ్మకం.

ఆడిటు సాధన, విజయవాడ:

అలా చేయవచ్చు. రెండు నిధులకు బ్యాంకు ఖాతాలు, నగదు పుస్తకాలు, వోచరు వరసలు మొదటి రోజు నుంచే వేరుగా ఉండాలన్నది ఒక్కటే షరతు. విదేశీ విరాళం ముందుగా చేరే ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతా నుంచి మీ వినియోగ ఖాతాకు వచ్చిన విదేశీ నిధిలో దేశీయ విరాళం ఒక్క రూపాయి కూడా కలవకూడదు. తొందరలో ఒక దాంట్లోంచి తీసి తరువాత సర్దుదామనుకునేవారే చిక్కుల్లో పడతారు.

శబరి ఒడ్డు:

నేను రాసింది చూపించండి, అభ్యంతరం లేదు. ఒక్కటే అడుగుతున్నాను. పని అయిపోయి కార్యాలయం మూసేటప్పుడు పొయ్యిల వారీగా రాసిన ఆ జాబితా ప్రతిని ఊళ్లో వదిలి వెళ్లండి. 2022 జాబితా సంస్థతోపాటే వెళ్లిపోయింది. ఆ తరువాత నీళ్లు వచ్చినప్పుడు వేరే సంస్థ వాళ్లు వచ్చి మళ్లీ రేషను కార్డులు అడిగారు.

గోదావరి ఖాతాలు:

తప్పకుండా. మే నెల ఒప్పందాల జాబితాలో ఈ పనిని మొదటి వరుసలో రాసుకున్నాను.