ట్విస్టులు ఎక్కువైతే మెకా సిరీస్‌కి లాభమా నష్టమా? కోడ్ గియాస్ రెండో సీజన్ మీద చర్చ

తెరచాటు:

ముందే చెప్తున్నా, కథ మొత్తం బయటపెట్టి మాట్లాడబోతున్నాను. కోడ్ గియాస్ అంటే జపాన్ మెకా అనిమే, మనుషులు లోపల కూర్చుని నడిపే భారీ రోబోల కథ. దాని రెండు సీజన్లూ చూడనివాళ్లు చూశాకే ఇది చదవండి.

2008లో వచ్చిన రెండో సీజన్‌లో ట్విస్టులు మరీ ఎక్కువైపోయాయి, వాటి వల్ల పాత్రల కన్నా యుద్ధాలే ఎక్కువ దెబ్బతిన్నాయి. ఇదీ నా వాదన. రోబో యుద్ధం చూస్తూ మనకి టెన్షన్ రావాలంటే ఆ యంత్రం ఏం చేయగలదో, ఏం చేయలేదో, ఓడిపోతే ఎవరు ఏం పోగొట్టుకుంటారో తెలిసి ఉండాలి. మొదటి సీజన్‌లో అది తెలుసు. నైట్‌మేర్ ఫ్రేములు (ఇందులోని రోబోలు) కాళ్లకున్న చక్రాలతో నేల మీద దూసుకెళ్లేవి, ఎత్తు ఎక్కాలంటే స్లాష్ హార్కెన్ అనే తీగ కొక్కెం విసిరి ఎగబాకాలి, బ్యాటరీ లాంటి ఎనర్జీ ఫిల్లర్ అయిపోతే అక్కడే ఆగిపోతాయి. నరీటా కొండ మీద యుద్ధం గుర్తుందా? జీరో అనే ముసుగు పేరుతో బ్లాక్ నైట్స్ తిరుగుబాటు దళాన్ని నడిపే హీరో లెలూష్ దగ్గర మనుషులు తక్కువ, ఎదురుగా బ్రిటానియా సామ్రాజ్యపు రాకుమారి కొర్నేలియా సైన్యం. అతని దళంలోని కాలెన్ తన యంత్రం గురెన్ చేత్తో భూమిలోపలి నీటిని ఒక్కసారిగా మరిగించి కొండచరియలు విరిగిపడేలా చేస్తుంది. ప్లాన్ ఏంటో మనకి అర్థమవుతుంది, దాని ఖరీదు కూడా తర్వాత తెలుస్తుంది, ఎందుకంటే ఆ మట్టి కింద లెలూష్ క్లాస్‌మేట్ షర్లీ వాళ్ల నాన్న చనిపోతాడు.

ఇప్పుడు రెండో సీజన్ 18 నుంచి 21 వరకు చూడండి. 18లో టోక్యో మీద ఫ్లెయా అనే మహా బాంబు పేలుతుంది, లెలూష్ చెల్లెలు నానలీ చనిపోయిందనుకుంటాం. 19లో బ్లాక్ నైట్స్ లెలూష్‌కి ఎదురు తిరుగుతారు, అతని తమ్ముడిగా నటిస్తూ వచ్చిన రోలో అతన్ని కాపాడి చనిపోతాడు. 21లో లెలూష్ తండ్రి చక్రవర్తి చార్లెస్, ఎప్పుడో చనిపోయిందనుకున్న తల్లి మరియాన్ ఇద్దరూ కలిసి మనుషులందరి మనసుల్నీ ఒకటి చేయబోతున్నారని తెలుస్తుంది, వాళ్లు అక్కడే మాయమైపోతారు, అదే ఎపిసోడ్ చివర లెలూష్ సింహాసనం మీద కూర్చుంటాడు. ఆ తర్వాత నానలీ బతికే ఉందంటారు. ఒక యుద్ధం ఎందుకు జరుగుతోందో మనసుకి ఎక్కేలోపే ఆ కారణం మారిపోతే, యంత్రాలు ఎంత బాగా కొట్టుకున్నా నాకు పట్టదు.

ఇంజిన్‌గది:

తెరచాటు గారూ, సగం ఒప్పుకుంటా, సగం అస్సలు ఒప్పుకోను. మీరు రెండు వేర్వేరు సమస్యల్ని కలిపేశారు. యుద్ధాలు మారింది ట్విస్టుల వల్ల కాదండీ, యంత్రాల వల్ల. రెండో సీజన్‌లో ముఖ్యమైన ఫ్రేములన్నిటికీ ఫ్లోట్ యూనిట్లు వచ్చేశాయి. అందరూ ఎగురుతుంటే ఇక కొండ, సందు, వంతెన, కూలిపోయే అంతస్తు, ఇవేవీ పనికిరావు. వ్యూహం పోయి బీమ్ మిగిలింది. ట్విస్టులు ఒక్కటీ లేకపోయినా ఇదే జరిగేది.

ఇంకో సంగతి. మొదటి సీజన్ అర్ధరాత్రి స్లాట్‌లో వచ్చింది, రెండోది ఆదివారం సాయంత్రం 5 గంటల స్లాట్‌కి మారింది. మొదటిది చూడనివాళ్లు కూడా టీవీ ముందు కూర్చుంటారు కాబట్టి కథని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాల్సి వచ్చింది. లెలూష్ జ్ఞాపకాలు పోయి మళ్లీ స్కూల్లో కనిపించడం అందుకే. అంత భారం మోస్తూ 25 ఎపిసోడ్లలో ముగించాలంటే వేగం తప్పదు.

మీ లిస్టులో ఫ్లెయాని పెట్టడం మాత్రం అన్యాయం. అది గాల్లోంచి ఊడిపడిన ట్విస్ట్ కాదు. మొదటి సీజన్‌లో లెలూష్ తన స్నేహితుడు, బ్రిటానియా పైలట్ అయిన సుజాకుకి గియాస్‌తో (ఎవరి చేతైనా మాట వినిపించే అతని అతీత శక్తితో) 'బతుకు' అని ఆజ్ఞ ఇస్తాడు కదా, ఆ ఆజ్ఞే ఇక్కడ సుజాకు చేత ట్రిగ్గర్ నొక్కిస్తుంది. చావకుండా కాపాడాలని ఇచ్చిన ఒక్క మాట ఒక నగరాన్ని తుడిచిపెట్టేసింది. ఇంత గట్టి కారణం ఉన్న సీన్ మెకాలో ఇంకోటి చూపించండి చూద్దాం.

రాత్రిబండి:

చూపిస్తా. గురెన్ లగాన్ అనే ఇంకో మెకా సిరీస్, 2007, మొత్తం 27 ఎపిసోడ్లు. ఎనిమిదో ఎపిసోడ్‌లో హీరో సైమన్‌కి అన్నలాంటి కమినా చనిపోతాడు, తిరిగి రాడు. తర్వాతి ఎపిసోడ్లలో సైమన్ దుఃఖంలో మునిగిపోతే అతని యంత్రం లగాన్ కూడా అతని మాట వినదు, ఎందుకంటే ఆ యంత్రం నడిచేదే పైలట్ మనసులోని శక్తితో. ట్విస్ట్ దెబ్బ నేరుగా కాక్‌పిట్‌లోకి వచ్చి కూర్చుంది. నాకు కావాల్సింది ఇదే, ఒక మలుపు వస్తే తర్వాతి యుద్ధం దాని వల్ల వేరేగా జరగాలి.

దీనికి పూర్తి వ్యతిరేకం ఆల్డ్నోవా జీరో అనే మరో మెకా సిరీస్. 2014లో మొదలైనప్పుడు ఎంత బాగుండేది! హీరో ఇనాహో చిన్న శిక్షణ యంత్రం వేసుకుని, అంగారకుల భారీ యంత్రాలకి ఎక్కడ లోపం ఉందో లెక్కగట్టి పడగొట్టేవాడు. సీజన్ ఆఖర్లో రాకుమారి అసెలమ్, ఇనాహో ఇద్దరూ తూటాలు తిని పడిపోతారు. తర్వాతి సీజన్‌కి ఇద్దరూ బతికే ఉంటారు. ఒక్కసారి అలా చేశాక నేను ఏ తూటాకీ భయపడలేదు.

తెరచాటు:

రాత్రిబండి చెప్పింది అక్షరాలా నా మనసులో మాట. నేను కోరేది ట్విస్టులు తక్కువ ఉండాలని అనుకోవద్దు, వచ్చినదాన్ని మళ్లీ రద్దు చేయొద్దంటున్నా అంతే. ఫ్లెయా విషయంలో ఇంజిన్‌గది గారు చెప్పిన మూలం బలమైనదే. కానీ ఆ బరువు ఎంతసేపు నిలబడింది? నగరం నాశనమైందన్న బాధలో సుజాకు ఏమవుతాడో, ఆయుధం తయారుచేసిన నీనా ఏమవుతుందో చూపించడానికే రెండు ఎపిసోడ్లు పట్టాలి. తర్వాతి ఎపిసోడ్‌లోనే బ్లాక్ నైట్స్ తిరుగుబాటు పెట్టారు. అది కూడా ఎలా? శత్రువైన బ్రిటానియా రాకుమారుడు ష్నైజెల్ వాళ్ల ఓడలోకి వచ్చి సాక్ష్యాలు చూపిస్తే, ఇన్నాళ్లూ జీరో వెనక నడిచినవాళ్లు ఒక్క సమావేశంలో తేల్చేశారు. అనుమానం ముందు నుంచీ ఉందని నాకూ తెలుసు, అయినా మనుషులు ఒకరి మీద ఒకరు అరుచుకోవడానికి, ఒకరిద్దరు ఎదురు తిరగడానికి చోటివ్వాలి. పాపం కాలెన్‌కి దక్కింది కొన్ని క్షణాలే.

అదే మొదటి సీజన్ 22వ ఎపిసోడ్ తీసుకోండి. లెలూష్ నోరు జారి అన్న మాట గియాస్ ఆజ్ఞ అయిపోయి, శాంతి కోరే రాకుమారి యూఫెమియా జపనీయుల ఊచకోతకి దిగే సీన్ కన్నా పెద్ద ట్విస్ట్ ఈ సిరీస్‌లో లేదు. అయినా అది పండింది, ఎందుకంటే గియాస్ అదుపు తప్పుతుందని, అదే శక్తి ఉన్న మావో ద్వారా మనకి ముందే చూపించారు, వాడి శక్తిని వాడే ఆపుకోలేడు. అంత జరిగాక కథ పక్కకి పోలేదు, సీజన్ చివరిదాకా దాని పర్యవసానంలోనే నడిచింది.

మధ్యగది:

నేను ఇంకో కోణం చెప్తాను. ఇలాంటి కథనం కోడ్ గియాస్‌తో ఆగలేదు. 2013లో వచ్చిన వాల్వ్రేవ్ అనే మెకా సిరీస్‌కి కూడా కథా నిర్మాణం కోడ్ గియాస్ రచయిత ఇచిరో ఓకోచీదే. మొదటి ఎపిసోడ్‌లోనే హీరో మనిషిగా ఉండటం వదులుకుని యంత్రం ఎక్కుతాడు, చివర్లో శత్రువుని కొరికి వాడి శరీరంలోకి దూరతాడు! ఆ ఎపిసోడ్ చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ అంత ఎత్తులో మొదలుపెట్టాక ప్రతి వారం దాన్ని మించాలి, అక్కడే పట్టు జారింది. ఏళ్లుగా చాలామంది దాన్ని తీసిపారేయడం చూశాను, నేను మాత్రం ఇప్పటికీ ఇష్టపడతా. కొన్ని సిరీస్‌లు ఆ పిచ్చి వేగం కోసమే చూస్తాం, అన్నిటికీ నరీటా కొలత పెట్టకండి.

ఇంజిన్‌గది:

సరే తెరచాటు గారూ, సమావేశం సీన్ తొందరగా అయిపోయిందని నేనూ ఒప్పుకుంటా. యంత్రాల మాటకి మీరు జవాబివ్వలేదు.

తెరచాటు:

ఇస్తున్నా. ఆఖర్లో కాలెన్ గురెన్‌కీ సుజాకు యంత్రం లాన్సెలాట్ ఆల్బియన్‌కీ జరిగే పోరు చూడండి. రెండూ ఎగిరేవే, రెండిటికీ అతి శక్తులున్నాయి, నేల మీద ఏ అడ్డూ లేదు. మీ లెక్క ప్రకారం అది చప్పగా ఉండాలి. రెండో సీజన్‌లో నాకు ఊపిరాడనివ్వని యుద్ధం అదొక్కటే, ఎందుకంటే ఇద్దరికీ ఎందుకు కొట్టుకుంటున్నారో తెలుసు, మధ్యలో కొత్త రహస్యం ఏదీ ఊడిపడదు, గెలుపోటములు అక్కడే తేలతాయి. యంత్రాలు ఎగిరినా పర్లేదు, కారణం మాత్రం యుద్ధం అయ్యేదాకా మారకూడదు.

ఇంజిన్‌గది:

ఆ యుద్ధం లోపలే ఒక ట్విస్ట్ దాగుందని మర్చిపోతున్నారు. సుజాకు చనిపోయాడనుకుంటాం, సమాధి కూడా చూస్తాం, తర్వాత జీరో ముసుగులో అతనే వస్తాడు. తూటా తగిలినవాళ్లు లేచొస్తే తప్పు, పేలిపోయినవాడు లేచొస్తే ఒప్పా?

తెరచాటు:

ఒప్పే. అతను బతికి ఏం పొందాడో చూడండి. పేరు పోయింది, ముఖం పోయింది, స్నేహితుడిని తన చేత్తోనే చంపాల్సి వచ్చింది. ఇనాహో, అసెలమ్ బతికినందుకు పోగొట్టుకున్నది దీనితో సరితూగుతుందా, మీరే చెప్పండి.

రాత్రిబండి:

ఇనాహో ఒక కన్ను పోగొట్టుకున్నాడు, కానీ దాని బదులు లెక్కలు ఇంకా వేగంగా కట్టే యంత్రపు కన్ను వచ్చింది. పోగొట్టుకున్నదాని వల్ల మరింత బలవంతుడయ్యాడు. నా కోపమంతా అక్కడే.